నడక యొక్కటియే చాలునా?

"కూర్చుండి తిన్నచో కొండలైనను తరగిపోవును" అని మన పెద్దలు చెప్పుదురు. ఈ సామెతను మనము సాధారణముగ ధనమును గూర్చియే వాడుచుందుము. తండ్రి కూడబెట్టిన ఆస్తిని కుమారుడు పనిపాటలు లేక తినివేయుచున్నప్పుడు ఇరుగుపొరుగువారు ఈ మాట అందురు. కాని యిది మన దేహమునకును అక్షరాల వర్తించును. యౌవనమున మనము సంపాదించుకొన్న కండ కూడ ఒక ఆస్తియే. ఉద్యోగము విరమించి, బిడ్డల పెండ్లిండ్లు చేసి, ఇక విశ్రాంతియని పడకకుర్చీలో చేరగిలబడిన నాటినుండి ఆ యాస్తి తరుగుట త్వరితమగును. ధనము తరిగినచో బ్యాంకి పుస్తకము చెప్పును. కండ తరుగుట మాత్రము చాలకాలము వరకు మనకు తెలియదు. తెలిసిననాటికి నేలమీద కూర్చున్నవారము లేవలేని స్థితిలో నుందుము.

మే మెరిగిన పెద్దమనిషి ఒకరు కలరు. ఉపాధ్యాయులుగ పనిచేసి విరమించినవారు. వయస్సు డెబ్బది దాటినది. పదునేనేండ్లుగ ఆయన తెల్లవారుజామున లేచి, చేతికఱ్ఱయైన లేకుండ, నాలుగు కిలోమీటర్లు నడచుచుండిరి. వానయైనను చలియైనను నడక మానినది లేదు. పొగాకు లేదు, చుట్ట లేదు, మితాహారము. ఆ వీధివారెల్లరు ఆయనను చూపి తమ పిల్లలకు బుద్ధి చెప్పుచుండిరి. మూడేండ్ల క్రిందట వారి కుమారుని గృహప్రవేశమునాడు సత్యనారాయణ వ్రతమునకు దంపతులిరువురు పీటలమీద గంటన్నర కూర్చుండిరి. హారతివేళ ఆయన లేవబోయిరి. మోకాలిపై చేయి వేసిరి. నేలపై చేయి ఆనించిరి. లేవలేకపోయిరి. అల్లుండ్రిద్దరు చెరియొక రెక్క పట్టుకొని లేపిరి. "కాళ్లు తిమ్మిరి యెక్కినవి" అని ఆయన నవ్వి ఊరకుండిరి.

ఆ దినమునుండి ఆయన జీవితము కొంచెము కొంచెముగ కుంచించుకొనుట మేము కన్నులార చూచితిమి. పెండ్లికి పిలిచినచో, అచట కుర్చీలు వేయుదురో లేదో ముందుగ కనుగొనెడివారు. మెట్లెక్కవలసిన గుడికి వెళ్లుట మానిరి. రైలులో పై బెర్తు వచ్చునేమోయని ప్రయాణములు తగ్గించిరి. ఒకనాడు మా యింటికి వచ్చి, "నేను ఒక్కదినమైనను నడక మానలేదే! నాకు ఇట్లేల జరిగినది?" అని యడిగిరి. ఈ ప్రశ్న ఆయన యొక్కనిది కాదు. నడచుచున్నాముగదా యని ధైర్యముగనున్న వేలమంది పెద్దలది. కావున నేడు దీనికే సమాధానము చెప్పదలచితిమి.

మొదట నడకకు చెల్లవలసిన గౌరవము చెల్లింతము. నడక చేయు మేలు కట్టుకథ కాదు. 1953లో జెరెమీ మోరిస్ అను వైద్యుడును, ఆయన సహచరులును లండను నగరపు బస్సులలో పనిచేయు వారిని గూర్చి ఒక పరిశోధన ప్రకటించిరి. ఆ బస్సులకు రెండంతస్తులు. డ్రైవరు దినమంతయు కూర్చుండియే యుండును. కండక్టరు టిక్కెట్లు ఇచ్చుటకై దినమునకు వందలకొలది మెట్లు ఎక్కి దిగవలెను. ఇరువురిది ఒకే బస్సు, ఒకే వీధి, ఇంచుమించు ఒకే జీతము. ఐనను డ్రైవర్లకంటె కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగ కనబడినది. శరీరశ్రమకును గుండెకును గల సంబంధమును గూర్చి ఆధునిక వైద్యమున జరిగిన పరిశోధనలకు ఇది పునాదియైనది.

దినమునకు పదివేల అడుగులు నడువవలెనను మాట నేడు ఇంటింట వినబడుచున్నది. ఈ సంఖ్య వైద్యుల లెక్కలనుండి వచ్చినది కాదు. 1965లో జపానుదేశమున ఒక గడియారముల సంస్థ నడుమునకు కట్టుకొని అడుగులు లెక్కించు చిన్న యంత్రమును అమ్మకమునకు పెట్టి, దానికి పదివేల అడుగుల కొలపరికరమను అర్థము వచ్చు పేరు పెట్టినది. ఆ పేరే లోకమంతట వ్యాపించినది. 2019లో అమెరికాలో సగటున 72 ఏండ్ల వయస్సుగల 16,741 మంది స్త్రీల అడుగులను లెక్కించి ఒక పరిశోధన ప్రకటించిరి. దినమునకు సుమారు 2,700 అడుగులు మాత్రమే వేయువారికంటె, సుమారు 4,400 అడుగులు వేయువారిలో ఆ పరిశోధనాకాలమున మరణము 41 శాతము తక్కువగ నుండెను. అడుగులు పెరిగినకొలది మేలును పెరిగినది గాని, సుమారు 7,500 దాటిన పిమ్మట ఇంకను పెరిగినట్లు కనబడలేదు. ఆరోగ్యముగ నున్నవారే ఎక్కువ నడువగలరను మాట నిజమే. ఐనను పదివేలు చేయలేకున్నామని దిగులుపడి మానివేయువారికి ఇది మంచి ఓదార్పు. నాలుగువేలైనను మేలే.

కదలకుండుట వలన కలుగు నష్టమును చూపు మరియొక వృత్తాంతము కలదు. 1966లో అమెరికాలోని డల్లాసు నగరమున ఆరోగ్యవంతులైన అయిదుగురు యువకులను మూడు వారములపాటు మంచముమీద పరుండబెట్టి పరీక్షించిరి. అప్పుడు వారికి 20 ఏండ్లు. ముప్పదియేండ్ల తరువాత ఆ అయిదుగురినే మరల పిలిచి పరీక్షించిరి. శ్రమకు ఓర్చు శక్తి వారిలో ముప్పదియేండ్ల వయోభారము వలన తగ్గినదానికంటె, నాడు మూడువారముల పడకవలన తగ్గినదే ఎక్కువయని తేలినది. అంతటితో ఆగక, ఏబదియేండ్లవారైన ఆ అయిదుగురిచేత ఆరు నెలలపాటు నడక, మెల్లని పరుగు, సైకిలు త్రొక్కుట క్రమముగ చేయించిరి. ముప్పదియేండ్లలో పోయిన ఊపిరిశక్తి వారికి తిరిగి వచ్చినది. వయస్సుపై మనము మోపు నేరములలో చాలభాగము సోమరితనముపై మోపదగినవని దీనివలన తెలియుచున్నది.

ఇన్ని మేళ్లు చేయు నడక మన ఉపాధ్యాయుల మోకాళ్ల నేల కాపాడలేకపోయినది? దీనికి కారణము కండ నిర్మాణమున నున్నది. మన కండలలోని పోగులు ముఖ్యముగ రెండు విధములు. ఒక విధము పోగులు మెల్లగ పనిచేయును, త్వరగ అలసిపోవు. గంటలకొలది నిలుచుటకు, నడచుటకు ఇవియే ఆధారము. రెండవ విధము పోగులు వేగముగను బలముగను పనిచేయును, కాని త్వరగ అలసిపోవును. నేలనుండి లేచుటకు, నీళ్లబిందె నెత్తుటకు, మెట్టుమీద కాలుజారినప్పుడు తటాలున నిలద్రొక్కుకొనుటకు ఇవి కావలెను. వయస్సుతో ఎక్కువగ సన్నగిల్లునవి ఈ రెండవ విధము పోగులే. సమనేలమీద తిన్నగ నడచునప్పుడు వీనికి పని చాల తక్కువ. అందువలన పదునేనేండ్లు నడచినను, ఆ నడక మొదటి విధము పోగులను పోషించినదే కాని, రెండవ వానిని మేల్కొలుపలేదు. ఊరపిచ్చుకకు మేత వేసి, పావురము బలియలేదని విచారించిన నేమి లాభము?

కండ యొక్క యీ క్షయము ఎంత సామాన్యమైనదైనను, దానికొక పేరు చాలకాలము లేదు. 1989లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ అను అమెరికా వైద్యశాస్త్రజ్ఞుడు రెండు గ్రీకు మాటలను కలిపి దీనికి సార్కోపీనియా యని పేరు పెట్టెను. మాంసము యొక్క లేమి యని దాని అర్థము. పేరు పెట్టిన తరువాతనే వైద్యులు దీనిని వ్రేలు పెట్టి చూపదగిన వ్యాధిగ చూడ మొదలిడిరి. కండ పరిమాణముకంటె బలము ఇంకను వేగముగ తగ్గును. ఏలయన కండతోపాటు దానిని కదలించు నరముల సంఖ్యయు తగ్గుచుండును.

దీనివలన వచ్చు ముప్పు నేలనుండి లేవలేకపోవుటతో ముగియదు. స్నానాలగదిలో కాలుజారినప్పుడు యువకుడు గోడ పట్టుకొని నిలద్రొక్కుకొనును. అదే వృద్ధుడైనచో పడును. ఎముకలును పలుచబడియుండుటచే మణికట్టో తుంటియో విరుగును. తుంటి విరిగిన పెద్దలకు సాధారణముగ శస్త్రచికిత్స అవసరమగును. వారిలో చాలమంది మునుపటివలె నడువలేకపోవుట వైద్యులందరు ఎరిగినదే. ఎముక విరుగుట ఒక్క క్షణములో జరుగును గాని, దానికి తోడ్పడిన బలహీనత పది పదునేనేండ్లుగ సిద్ధమగుచున్నది. 2019లో, 108 పరీక్షలను, 23 వేలకు పైబడిన పెద్దల వివరములను ఒక్కచోట చేర్చి పరిశీలించిన వైద్యులు, వ్యాయామము వలన పడిపోవుటలు సుమారు నాలుగవవంతు తగ్గునని తేల్చిరి. నిలకడ నేర్పు వ్యాయామములను బలము పెంచు వ్యాయామములతో కలిపి చేసినచోట మూడవవంతు తగ్గినవి. నడక మాత్రమే చేసిన చోట మేలు కలిగినట్లు నిశ్చయముగ చెప్పుటకు వారికి ఆధారము చాలలేదు. బరువు లెత్తుట మాత్రమే చేసిన చోటను అంతే. కావలసినది రెంటి కలయిక.

"ఈ వయస్సున బరువు లెత్తుటయా?" అని చదువరులు నవ్వవచ్చును. ఈ నవ్వునకు సమాధానము 1990లోనే దొరికినది. బోస్టను నగరమున వృద్ధుల ఆశ్రయములో నున్న పదిమందిని అచటి వైద్యులు ఎన్నుకొనిరి. వారి వయస్సు 86 మొదలు 96 వరకు. వారికి ఎనిమిది వారములు తొడకండలకు బరువులతో వ్యాయామము నేర్పిరి. అవి లాంఛనముగ ఎత్తు చిన్న బరువులు కావు, వారి శక్తికి నిజముగ కష్టమనిపించునవి. తొమ్మండుగురు కడవరకు నిలిచిరి. వారి తొడబలము సగటున 174 శాతము పెరిగినది. అనగా మొదట 4 కిలోలు ఎత్తగలిగినవారు తుదకు 11 కిలోలు ఎత్తగలిగినట్లు. వారిలో ఇద్దరు తమ చేతికఱ్ఱను విడిచిపెట్టిరి. సాధన మానిన నాలుగు వారములలోనే ఆ బలము కొంత తగ్గినదనుట కూడ గమనింపదగినది. 1994లో అదే విధముగ సగటున 87 ఏండ్ల వయస్సుగల నూర్గురితో పరీక్ష చేయగా, పదివారములలో బలము రెట్టింపునకు మించినది. నడక వేగము సుమారు 12 శాతము, మెట్లెక్కు శక్తి సుమారు 28 శాతము పెరిగినవి. తొంబదియేండ్లవారికి సాధ్యమైనది అరువదియేండ్లవారికి అసాధ్యమెట్లగును?

బరువు లెత్తుట మనకు క్రొత్త విద్యయు కాదు. మన పల్లెలలో తాలింఖానాలుండెడివి. అచట దండెములు, బస్కీలు తీయించి, సాము గరిడీలు నేర్పెడివారు. సంగిడిరాయిని ఎత్తు పోటీలు ఉత్తరాంధ్రమున పండుగలలో వేడుకగ జరుగును. ఉత్తరాంధ్రములోని వీరఘట్టమున పుట్టి, విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడై, మల్లవిద్యలో దేశమంతట పేరుపొందిన కోడి రామమూర్తి నాయుడుగారి విగ్రహము విశాఖపట్టణపు సముద్రతీరమున నిలిచియున్నది. ప్రతి ఉదయము వందలకొలది పెద్దలు ఆ తీరమున నడచుచుందురు. నడకయు బలమును అచట ఒక్కచోట ఎదురుపడుచున్నవి గాని, నడచువారిలో ఎందరు ఆ విగ్రహము చెప్పు రెండవ పాఠమును గ్రహించుచున్నారో తెలియదు.

స్త్రీల సంగతి వేరు కాదు. మన అమ్మమ్మలు ఏ వ్యాయామశాలకును పోలేదు. రోకటితో వడ్లు దంచిరి, తిరుగలి త్రిప్పిరి, బావినుండి నీళ్లు తోడిరి, నేలమీద కూర్చుండి కూరలు తరిగి, లేచి పొయ్యివద్దకు వెళ్లిరి. ఆ చాకిరి తిరిగి రావలెనని ఎవ్వరును కోరరు. మిక్సీయు, కొళాయియు, ఎత్తైన వంటగట్టును స్త్రీల నడుములను రక్షించినవి. ఐతే ఆ పనులతోపాటు పోయిన బలమును వేరొక విధముగ సంపాదించుకొనవలెను. ముట్లు ఉడిగిన పిమ్మట స్త్రీలకు ఎముకలు త్వరగ పలుచబడును. కావున వారికి ఈ వ్యాయామము పురుషులకంటె ఎక్కువ అవసరము. బరువు లెత్తినచో స్త్రీల దేహము పురుషుల దేహమువలె మారునేమోయను భయము నిరాధారము.

ఇక చేయవలసినదేమి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన సూచనల ప్రకారము, 65 ఏండ్లు దాటినవారు వారమునకు 150 మొదలు 300 నిమిషముల వరకు మధ్యరకపు శ్రమ చేయవలెను. చురుకైన నడక ఇందులకు చాలును. దానిపై కండలకు బలమిచ్చు వ్యాయామము వారమునకు రెండు దినములకు తక్కువ కాకూడదు. నిలకడను, బలమును పెంచు కలగలుపు వ్యాయామము మూడు దినములైన నుండవలెను. చురుకైన నడకకు గుర్తేమనగా, నడచుచు మాటలాడగలుగవలెను, పాట పాడుట మాత్రము సాధ్యము కాకూడదు. పాడగలిగినచో వేగము చాలదు. మాటయే రానిచో వేగము మించినది.

వ్యాయామశాలలో, నేడందరు జిమ్ము అని పిలుచుచున్న చోటులో, మొదటి దినమున అద్దముల ముందు యువకులు పెద్ద పెద్ద బరువులు ఎత్తుచుండుట చూచి పెద్దలు బెదరుదురు. వారితో మనకు పోటీ లేదు. మనకు కావలసినవి నాలుగైదు కదలికలు మాత్రమే. కూర్చుండి కాళ్లతో బరువును త్రోయు యంత్రము ఒకటి కలదు. దానిని లెగ్ ప్రెస్ అందురు. నేలనుండి లేపునది ఈ బలమే. రెండవది, రొమ్ము నెదుటినుండి బరువును ముందునకు త్రోయుట. ఇది తలుపు త్రోయుటకు, పడినప్పుడు చేతులపై ఆగుటకు పనికివచ్చును. మూడవది, బరువును తనవైపునకు లాగుకొనుట. దీనివలన వీపు నిటారుగ నిలుచును. నాలుగవది, మడమలను పైకెత్తి మునివ్రేళ్లపై నిలుచుట. అయిదవది, రెండు చేతులలో డంబెల్లులు పట్టుకొని ఇరువది ముప్పది అడుగులు నిదానముగ నడచుట. బజారునుండి సంచులు మోసికొని వచ్చుటకు ఇంతకు మించిన శిక్షణ లేదు.

బరువెంత యుండవలెను? పదిపండ్రెండు సార్లు ఎత్తగలిగి, చివరి రెండు సార్లు కష్టమనిపించునంత. ఇరువదిసార్లు సులభముగ ఎత్తగలిగినచో అది చాలదు. అయిదుసార్లే ఎత్తలేకపోయినచో అది ఎక్కువ. మొదటి రెండు మూడు వారములు మాత్రము తేలిక బరువుతో కదలికను చక్కగ నేర్చుకొనవలెను. ఒక్కొక్క కదలికను పదిపండ్రెండు సార్లు చేసి, రెండు నిమిషములు ఆగి, మరియొక్కమారు చేయవలెను. పండ్రెండుసార్లు సులభమైన నాడు బరువును కొంచెము పెంచవలెను. ఈ పెంచుట మానినచో బలము కూడ అచటనే ఆగిపోవును. రెండు దినములకును నడుమ ఒకటి రెండు దినముల విశ్రాంతి యుండవలెను. ఏలయన కండ బలియుట బరువెత్తునప్పుడు కాదు, తరువాత విశ్రమించునప్పుడు. బరువు త్రోయునప్పుడు ఊపిరి వదలవలెను, దించునప్పుడు పీల్చవలెను. ఊపిరి బిగపట్టినచో రక్తపుపోటు ఒక్కసారిగ పైకి లేచును.

మొదటి నెలలో బలము పెరిగినను అద్దములో కండ పెరిగినట్లు కనబడదు. దానికి నిరుత్సాహపడరాదు. ఆ తొలి బలము ముఖ్యముగ నరములనుండి వచ్చును. నిద్రించుచున్న పోగులను నరములు మరల పిలుచుట నేర్చుకొనును. కండ పెరుగుట ఆ వెనుక, మెల్లమెల్లగ.

వ్యాయామశాల దూరమైనవారు, అందుకగు ఖర్చు భరింపలేనివారు ఇంటనే ఆరంభింపవచ్చును. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి, చేతులు రొమ్మున కట్టుకొని, ముప్పది సెకండ్లలో ఎన్నిసార్లు లేచి కూర్చుండగలమో లెక్కించుడు. 65 మొదలు 69 ఏండ్ల పురుషులు 12 సార్లు, స్త్రీలు 11 సార్లు చేయలేనిచో కాళ్లలో బలము సగటుకంటె తక్కువయని అర్థము. 75 మొదలు 79 ఏండ్లవారికి ఈ సంఖ్యలు 11, 10. ఇది పరీక్షయు, వ్యాయామమును కూడ. గోడకు చేతులానించి దండెములవలె వంగి లేచుట, నీరు నింపిన సీసాలు ఎత్తుట, వంటగట్టు పట్టుకొని మడమలెత్తుట కూడ అట్టివే. రేడియోలో ఒక పాట వచ్చునంతసేపు గట్టు నంటి ఒంటికాలిపై నిలుచుట సాధన చేయుడు. కాలు మార్చుచుండుడు. మొదట రెండు చేతులు ఆనించి, పిదప ఒకటి, పిదప వ్రేలు మాత్రము. పాటలు వినుట మానవలసిన పని లేదు, కూర్చుండి వినుట మాత్రము కొంత తగ్గింపవలెను.

కొన్ని జాగ్రత్తలు చెప్పకుండ ఈ ప్రసంగము ముగింపరాదు. గుండెజబ్బు, అధిక రక్తపుపోటు, మధుమేహము, ఇటీవలి శస్త్రచికిత్స, తరచు తలతిరుగుట కలవారు ముందు తమ డాక్టరుతో మాటలాడవలెను. చక్కెరను తగ్గించు మందులు గాని ఇన్సులిను గాని తీసికొనువారు ఏమియు తినక ఉదయమున దీర్ఘముగ వ్యాయామము చేసినచో చక్కెర ప్రమాదకరముగ పడిపోవచ్చును. అట్టివారు వ్యాయామవేళను, మందువేళను వైద్యుని యడిగి సరిచూచుకొనవలెను. భోజనానంతరము పది పదునేను నిమిషములు నడచుట రక్తములోని చక్కెర పెరుగుదలను తగ్గించును. ఎదలో నొప్పి, ఎడమచేతికి ప్రాకు బాధ, అసాధారణపు ఆయాసము, కన్నులు చీకట్లు క్రమ్ముట కలిగినచో తత్‌క్షణము ఆపి వైద్యుని పిలువవలెను. మరునాడు కండలు కొంచెము నొచ్చుట సహజము. కీలులో సూదిపోటువంటి నొప్పి సహజము కాదు. మోకాళ్లు అరిగినవని చాలమంది కదలుటయే మానుదురు. అది పొరబాటు. తొడకండలు బలపడినకొలది మోకాలిపై భారము తగ్గి నొప్పి కూడ తగ్గుట కలదు. మన వేసవిలో, ముఖ్యముగ రోహిణికార్తె యెండలలో, సూర్యుడు పైకెక్కకముందే నడక ముగింపవలెను. రబ్బరు చెప్పులతో నడువరాదు, మడమను పట్టియుంచు బూట్లు కావలెను.

తిండిని గూర్చి ఒక్క మాట. కండకు ముడిసరుకు మాంసకృత్తులు. మన భోజనములో అన్నము కొండంత, పప్పు గరిటెడు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించిన ప్రకారము, పెద్దవారికి దేహపు బరువులో కిలో ఒక్కింటికి దినమునకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావలెను. వృద్ధులకు 1 మొదలు 1.2 గ్రాముల వరకు మంచిదని పెక్కు నిపుణుల అభిప్రాయము. పప్పు, పెరుగు, సెనగలు, వేరుసెనగ, గ్రుడ్డు, చేప వీనిలో తమకు ఆచారమైనవానిని పూటపూటకు పంచుకొని తినవలెను. మూత్రపిండముల జబ్బు కలవారు మాత్రము వైద్యుని సలహాలేక పెంచరాదు. ఐతే తిండి యొక్కటియే కండ కాదు. పైని చెప్పిన 1994 నాటి పరీక్షలో, వ్యాయామము లేక పోషకపానీయము మాత్రమే త్రాగినవారికి బలము పెరుగలేదు. పని చెప్పనిదే కండ జీతము పుచ్చుకొనదు.

నేలనుండి లేచుట ఎంత ముఖ్యమో చెప్పి ముగింతుము. బ్రెజిలు దేశమున వైద్యులు 51 మొదలు 80 ఏండ్ల వయస్సుగల 2,002 మందిని నేలపై కూర్చుండి లేవుడని కోరిరి. కూర్చుండుటకు అయిదు, లేచుటకు అయిదు మార్కులు. చేయిగాని మోకాలుగాని ఆనించిన ప్రతిసారి ఒక మార్కు తగ్గింతురు. తక్కువ మార్కులు వచ్చినవారిలో ఆ తరువాతి సంవత్సరములలో మరణములు ఎక్కువగ నుండెనని 2012లో ప్రకటించిరి. నేలనుండి లేచుటయే ఆయువును పెంచునని దీని అర్థము కాదు. బలము, నిలకడ, కీళ్ల వంపు, దేహపు బరువు ఈ నాలుగింటి స్థితి ఆ ఒక్క కదలికలో బయటపడును. పీటమీద కూర్చుండి భోజనము చేసిన మన పెద్దలు ఈ పరీక్షను దినమునకు రెండుమార్లు వ్రాసి నెగ్గుచుండిరి. నేడు మనము బల్లకు మారితిమి. మారినను, దినమున కొక్కసారియైనను చాపమీద కూర్చుండి లేచు అలవాటును, లేవగలిగినంతకాలము, విడువకుందుము గాక.

మన ఉపాధ్యాయులు నడక మానలేదు. వారమునకు రెండు దినములు మాత్రము ఇంటిదగ్గరి వ్యాయామశాలకు వెళ్లసాగిరి. అచట శిక్షణ నిచ్చు యువకుడు ఆయన కుమారుని శిష్యుని ఈడువాడు. మొదటి నెలలో "మాస్టారూ, ఇంకొక్కమారు" అని ఆ కుఱ్ఱవాడు అనినప్పుడెల్ల తాను తరగతిలో పిల్లలతో అట్లే అనెడి దినములు గుర్తునకు వచ్చెడివని ఆయన మాతో చెప్పిరి. ఆరు నెలలకు కుర్చీనుండి చేతులు ఆనక లేచిరి. ఏడాదికి మెట్లెక్కి గుడికి వెళ్లిరి. క్రిందటి మాఘమాసమున మనుమని యుపనయనమునాడు పీటలమీద మరల కూర్చుండిరి. హారతివేళ అల్లుండ్రు అలవాటుగ ముందునకు వచ్చిరి. ఆయన ఒక చేయి మోకాలిపై వేసి, తానే లేచి, హారతి కన్నుల కద్దుకొని, ఆకులు వేయించుటకు వంటశాలవైపు వెళ్లిరి.